నిన్న రెండు సెకన్లు.. నేడు ఇరవై నిమిషాలు!

డేటాబేస్ కొత్త వెర్షన్ వచ్చింది. అంతా మెరుగైందన్నారు. కానీ నిన్నటిదాకా చిటికెలో వచ్చిన రిపోర్టు ఇవాళ రావడం లేదు. ఎవరూ కోడ్ మార్చలేదు, డేటా మార్చలేదు. మరి ఏమైంది? ఆ సంగతిని కస్టమర్ కంటే ముందే కనిపెట్టేవాళ్లు ఉంటారు. ఆ పని ఏంటో, బీటెక్ చదువుతుండగానే దాన్ని ఎలా మొదలుపెట్టొచ్చో చూద్దాం.

అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుందని పుస్తకాల్లో ఉంటుంది. దేశంలోనే అతి తక్కువ వర్షపాతం ఉన్న జిల్లాల్లో ఇదొకటి. అయితే ఆ సగటును నమ్మి విత్తనం వేస్తే ఏమవుతుందో ఇక్కడి పిల్లలకు వేరే చెప్పాలా? ఒక ఏడు జూన్‌లోనే పదును అవుతుంది. ఇంకో ఏడు ఆగస్టు దాకా మబ్బులే తప్ప చినుకుండదు. నెల వానంతా రెండు రోజుల్లో కురిసి, మిగతా రోజులు ఎండగొట్టే ఏడూ ఉంటుంది. లెక్కలో మాత్రం సగటు సగటుగానే కనబడుతుంది.

సగటు లెక్కలు చూసి ముందే ప్లాన్ వేసుకుని, తీరా పనిలోకి దిగాక దెబ్బతినేది ఇంకొకటి ఉంది. అది మీ కాలేజీ ల్యాబ్‌లోని కంప్యూటర్‌లోనే ఉంది. దాని పేరు క్వెరీ ఆప్టిమైజర్.

తిరుపతికి ఏ దారిన పోదాం?

డీబీఎంఎస్ సబ్జెక్టులో ఎస్‌క్యూఎల్ రాసే ఉంటారు. ‘ఈ పట్టికలోంచి ఈ షరతుకు సరిపడే వరుసలు ఇవ్వు’ అని అడుగుతాం. ఎలా తేవాలో చెప్పం. ఎలా తేవాలన్నది తేల్చుకునేది ఆప్టిమైజర్.

అనంతపురం నుంచి తిరుపతికి పోవాలనుకోండి. కదిరి, మదనపల్లె మీదుగా పోవచ్చు. తాడిపత్రి, కడప మీదుగానూ పోవచ్చు. రెండూ తిరుపతికే చేరుస్తాయి. ఏది తొందరగా చేరుస్తుందన్నది ఆరోజు రోడ్డు, రద్దీ, బస్సును బట్టి ఉంటుంది. ఆప్టిమైజర్ పనీ ఇదే. కాకపోతే దాని ముందుండే దారులు రెండు కాదు. పది పట్టికలను కలపాల్సిన క్వెరీ ఉంటే, ఏది ముందు ఏది తర్వాత అన్న వరుసక్రమాలే 36,28,800 అవుతాయి. పైగా ఒక్కో పట్టికను మొత్తం చదవాలా, ఇండెక్స్ పట్టుకుని పోవాలా? రెండు పట్టికలను ఏ పద్ధతిలో కలపాలి? ఇవన్నీ కొన్ని మిల్లీసెకన్లలో తేలిపోవాలి.

ప్రతి దారికీ ఖర్చు అంచనా వేసి, తక్కువ ఖర్చున్నదాన్ని ఎంచుకునే పద్ధతికి ఐబీఎంలో ప్యాట్రీషియా సెలింజర్ బృందం 1979లో ప్రచురించిన పరిశోధన పత్రం పునాది వేసింది. సిస్టమ్ ఆర్ అనే ప్రయోగాత్మక డేటాబేస్ కోసం చేసిన పని అది. ఇవాళ్టి పెద్ద డేటాబేస్‌లలో చాలావరకు ఆ ఆలోచన మీదే నిలబడ్డాయి. ఖర్చు అంచనాకు మూలం గణాంకాలు. పట్టికలో ఎన్ని వరుసలున్నాయి, ఏ విలువ ఎంత తరచుగా వస్తుంది లాంటివన్న మాట. సగటును నమ్ముకోవడం అక్కడే మొదలవుతుంది.

శనక్కాయల లెక్క

ఒక ఉదాహరణ చూద్దాం. ఇందులో అంకెలన్నీ ఊహించుకున్నవే. రాష్ట్రంలోని రైతుల పంటల వివరాలతో పది లక్షల వరుసల పట్టిక ఉంది. అందులో జిల్లా, మండలం, పంట అని నిలువు వరుసలున్నాయి. అనంతపురం జిల్లా వరుసలు పదో వంతు. శనక్కాయ వేసినవాళ్లు కూడా పదో వంతు. ఇప్పుడు ‘అనంతపురం జిల్లాలో శనక్కాయ వేసిన రైతులు’ అని అడిగాం.

ఆప్టిమైజర్ ఏం చేస్తుందంటే, రెండు షరతులకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదనుకుని పదో వంతులో పదో వంతు అని లెక్కేస్తుంది. అంటే పదివేల వరుసలు. మనకేమో తెలుసు, ఇక్కడ శనక్కాయే ప్రధాన పంట అని. నిజానికి ఎనభై వేల వరుసలు ఉండొచ్చు. ఎనిమిది రెట్ల తేడా! జిల్లాకూ పంటకూ సంబంధం ఉందని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఆప్టిమైజర్‌కు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇంకో చిక్కు చూడండి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది. ఆరోజు మన పట్టికలో పుట్టపర్తి, పెనుకొండ, కదిరి వైపు వరుసలన్నిటికీ జిల్లా పేరు మార్చామనుకుందాం. గణాంకాలు మాత్రం ఇంకా పాతవే. ఆ గణాంకాల ప్రకారం శ్రీ సత్యసాయి అనే జిల్లానే లేదు. కాబట్టి ఆ జిల్లా పేరుతో అడిగితే ‘మహా అయితే ఒక వరుస వస్తుందిలే’ అనుకుంటుంది ఆప్టిమైజర్. ఒక్క వరుసే కదా అని, దానికోసం బీమా చెల్లింపుల పట్టికను పైనుంచి కిందిదాకా ఒకసారి వెతికేద్దాం అని ప్లాన్ వేస్తుంది. తీరా వచ్చేవి నలభై వేల వరుసలు. బీమా పట్టికను నలభై వేల సార్లు మొదటినుంచి చదువుతూ కూర్చుంటుంది. రెండు సెకన్ల పని ఇరవై నిమిషాలకు చేరేది ఇలాంటి చోటే.

డేటాబేస్ గణాంకాలను తాజా చేయగానే ఈ సమస్య మాయమవుతుంది. ఎవరైనా ఫిర్యాదు చేసి, మనం చూసేలోపే అది తనంతట తాను సర్దుకుని ఉంటుంది కూడా. అందుకే వీటిని పట్టుకోవడం కష్టం.

రిగ్రెషన్ అంటే వెనకడుగు

నిన్నటిదాకా బాగా పనిచేసింది, కొత్త మార్పు తర్వాత చెడిపోతే దాన్ని రిగ్రెషన్ అంటారు. అలా ఏదీ చెడలేదని మార్పు జరిగిన ప్రతిసారీ సరిచూడటమే రిగ్రెషన్ టెస్టింగ్. మామూలు సాఫ్ట్‌వేర్‌లో ఇది కొంత తేలిక. బటన్ నొక్కితే బిల్లు రావాలి. వచ్చిందా లేదా, అంతే.

ఆప్టిమైజర్ విషయంలో చెడిపోవడం రెండు రకాలు. మొదటిది, జవాబే తప్పు రావడం. ఇది అరుదు, కానీ ప్రమాదం. ఎందుకంటే తప్పు జవాబు కూడా తెరమీద ఒప్పు జవాబులాగే దర్జాగా కనిపిస్తుంది. రెండోది, జవాబు సరైనదే కానీ ఆలస్యంగా రావడం. ఇక్కడే అసలు తలనొప్పి. ఆప్టిమైజర్‌లో ఒక అంచనా సూత్రాన్ని సరిదిద్దితే వంద క్వెరీల్లో తొంభై వేగం పుంజుకుంటాయి, ఏడెనిమిది అలాగే ఉంటాయి, రెండు మూడు ఘోరంగా నిదానిస్తాయి. ఒక్కోసారి పాతదాంట్లో రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని మంచి ప్లాన్ వస్తూ ఉంటుంది. అందులో ఒక తప్పును దిద్దగానే రెండోది బయటపడుతుంది! బాగుపడ్డ తొంభై క్వెరీల గురించి ఏ కస్టమరూ ఫోన్ చేసి మెచ్చుకోడు. ఆ రెండింటి గురించే చేస్తాడు.

‘టెస్టింగా? డెవలప్‌మెంట్ దొరకనివాళ్లు కదా చేసేది’ అనే మాట క్యాంపస్‌లలో ఇంకా వినిపిస్తూనే ఉంది. ఈ పని గురించి తెలిసినవాళ్లు ఆ మాట అనరు. ఇక్కడ పరీక్షించాలంటే ఆ యంత్రం లోపల ఏం జరుగుతోందో రాసినవాడితో సమానంగా తెలియాలి.

బుక్కాపురం వారి కంపెనీలో

మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల పుట్టింది హైదరాబాద్‌లో. తండ్రి, ఐఏఎస్ అధికారి బి.ఎన్.యుగంధర్ కుటుంబానిది అనంతపురం జిల్లా బుక్కాపురం. ఆ ‘బి’ ఊరి పేరే. కంపెనీ పగ్గాలు చేపట్టక ముందు, 2011 నుంచి నాదెళ్ల చూసిన సర్వర్ అండ్ టూల్స్ విభాగంలో ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్ ఒకటి. ఆయన 2014 ఫిబ్రవరిలో సీఈవో అయ్యారు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014 వచ్చింది.

అందులో వరుసల సంఖ్యను అంచనా వేసే భాగాన్ని కొత్తగా రాశారు. 1998లో వచ్చిన 7.0 వెర్షన్ తర్వాత అంత పెద్ద మార్పు అదే. షరతులకు ఒకదానితో ఒకటి సంబంధం లేదనే పాత నమ్మకాన్ని కొంత సడలించారు కూడా. మన శనక్కాయల లెక్కలాంటి వాటికి ఇది మేలే. కానీ మైక్రోసాఫ్ట్ ఏం చేసిందో గమనించండి. పాత అంచనా పద్ధతిని పారేయలేదు. డేటాబేస్ ‘కంపాటబిలిటీ లెవెల్’ 110 అని పెట్టుకుంటే పాతది, 120 అని పెట్టుకుంటే కొత్తది పనిచేసేలా రెండూ ఉంచింది. చాలా క్వెరీలు బాగుపడతాయి, కొన్ని నిదానించొచ్చు, మీ పనిభారంతో పరీక్షించుకున్నాకే మారండి అని తన పత్రాల్లోనే చెప్పింది. ప్రపంచంలోనే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ, సొంత మెరుగుదలను చూసి తానే జాగ్రత్తపడింది!

తర్వాత 2016 వెర్షన్‌లో క్వెరీ స్టోర్ వచ్చింది. ఏ క్వెరీకి ఏ రోజు ఏ ప్లాన్ వాడారు, ఎంతసేపు పట్టింది అని అది రాసిపెట్టుకుంటుంది. కొత్త ప్లాన్ చెడ్డదైతే పాతదాన్నే వాడమని కట్టడి చేయొచ్చు. 2017 వెర్షన్ నాటికి ఆ పనిని డేటాబేస్ తనంతట తానే చేసుకునే వీలు కల్పించారు. ఒరాకిల్ అయితే ఇంకా ముందే, 2007లో వచ్చిన 11జీలోనే, కొత్త ప్లాన్ పాతదానికంటే మంచిదని రుజువయ్యేదాకా దాన్ని వాడకుండా పక్కన పెట్టే ఏర్పాటు చేసింది. ఇవన్నీ ఎందుకొచ్చాయి? కంపెనీ లోపల ఎన్ని పరీక్షలు చేసినా, కస్టమర్ దగ్గరుండే డేటా వేరు. కాబట్టి పరీక్ష అక్కడా కొనసాగాల్సిందే.

చిన్న డేటాబేస్‌లకూ ఈ బాధ తప్పదు. మీ ఫోన్‌లో ఉండే ఎస్‌క్యూలైట్‌కు 2013లో 3.8.0 వెర్షన్‌తో కొత్త ప్లానర్ వచ్చింది. దాన్ని తయారుచేసినవాళ్లు ముందుగా తమ సొంత ఫాసిల్ సర్వర్ మీద పెట్టి చూశారు. కొన్ని పేజీలు నిదానించాయి. కారణం వెతికితే, ఒక ఇండెక్స్‌లో చాలా వరుసలకు ఒకే విలువ ఉంది. గణాంకాలు తీయకపోవడంతో ఆప్టిమైజర్‌కు ఆ సంగతి తెలియలేదు, ఇండెక్స్ ఉంది కదా అని దాన్ని నమ్ముకుంది. అనంతపురం పట్టికలో ‘పంట’ ఇండెక్స్ పట్టుకుని శనక్కాయ వెతకడం లాంటిదే అది. ఆ ఉదంతాన్ని దాచుకోకుండా వాళ్లే వివరంగా రాసి పెట్టారు. చదవదగ్గ పాఠం.

జవాబు తెలియని ప్రశ్నకు మార్కులెలా?

ఇప్పుడు పని ఎలా జరుగుతుందో చూద్దాం. ఉచితంగా దొరికే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను తీసుకోండి. దాని సోర్స్ కోడ్‌తోపాటే పరీక్షల సంచి కూడా వస్తుంది. అందులో రెండు వందలకు పైచిలుకు పరీక్ష ఫైళ్లున్నాయి. ఒక్కో ఫైలులో ఎస్‌క్యూఎల్ ఆదేశాలు, పక్కనే ‘ఎక్స్‌పెక్టెడ్’ అనే ఫోల్డర్‌లో రావాల్సిన జవాబులు ఉంటాయి. ‘మేక్ చెక్’ అని కొడితే, తాత్కాలికంగా ఒక సర్వర్ లేచి, ఆదేశాలన్నీ నడిపి, వచ్చిన జవాబును రావాల్సిన జవాబుతో అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. తేడాలుంటే ‘రిగ్రెషన్ డాట్ డిఫ్స్’ అనే ఫైలులో రాసిపెడుతుంది. పదో తరగతి పేపరు కీతో దిద్దినట్టే.

ఆప్టిమైజర్ పరీక్షల్లో జవాబుతోపాటు ప్లాన్‌ను కూడా పోలుస్తారు. అయితే ప్లాన్‌లో కనిపించే ఖర్చు అంకెలను దాచేసి, ఆకారాన్నే చూస్తారు. ఎందుకంటే ఆ అంకెలు యంత్రానికీ యంత్రానికీ కొద్దికొద్దిగా మారతాయి. వాటిని పట్టుకుంటే రోజూ ఉత్తుత్తి అలారాలే. ప్రపంచమంతటా వలంటీర్లు తమ కంప్యూటర్ల మీద ఈ పరీక్షలను నడుపుతూనే ఉంటారు. ఆ యంత్రాలన్నిటికీ జంతువుల, పక్షుల పేర్లు పెట్టడం వాళ్ల ముచ్చట.

ఇదంతా కీ ఉన్న పేపరు సంగతి. కీ లేకపోతే? లక్షల క్వెరీలను యాదృచ్ఛికంగా తయారుచేసి వదిలితే, ఏది ఒప్పో ఎవరు చెప్పాలి? జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో మాన్యుయెల్ రిగర్, జెండాంగ్ సు 2020లో దీనికి ముచ్చటైన ఉపాయాలు చెప్పారు. వాటితో తయారైందే ఎస్‌క్యూలాన్సర్ అనే ఉచిత పరికరం.

ఒక ఉపాయం వినండి. ‘500 మిల్లీమీటర్లకు మించి వాన పడిన మండలాలు ఎన్ని?’ అని మామూలుగా అడిగితే ఆప్టిమైజర్ తన తెలివంతా వాడుతుంది. ఇండెక్స్ పట్టుకుంటుంది, అడ్డదారులు తొక్కుతుంది. అదే ప్రశ్నను ఇంకోలా అడుగుదాం: ‘ప్రతి మండలాన్నీ చూపించు, దాని పక్కన 500 దాటిందా లేదా అని అవును, కాదు రాయి’. ఇప్పుడు ప్రతి వరుసనూ చూడక తప్పదు, అడ్డదారికి చోటు లేదు. ‘అవును’లను లెక్కపెట్టండి. మొదటి జవాబుతో సరిపోకపోతే ఆప్టిమైజర్ ఎక్కడో తప్పు చేసినట్టే! సరైన జవాబు ఎంతో మనకు ముందే తెలియాల్సిన పని లేదు. ఈ ఒక్క ఉపాయంతోనే వాళ్లు పేరున్న డేటాబేస్‌లలో 159 కొత్త బగ్‌లు పట్టారు. అందులో 51 నేరుగా ఆప్టిమైజర్‌వి.

రెండో ఉపాయం ఇంకా సులువు. 500 దాటిన మండలాలు, దాటనివి, లెక్క నమోదు కానివి. మూడు కుప్పలూ కలిపితే మొత్తం మండలాలు రావాలి కదా. రాకపోతే బగ్. ‘నల్’ గురించి పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా చదివి వదిలేసుంటారు. దాని అసలు గొడవ ఇక్కడ కనబడుతుంది.

వేగాన్ని కొలవడం మాత్రం మొండి పని. ఒకే క్వెరీని రెండుసార్లు నడిపితే రెండు సమయాలు వస్తాయి. మొదటిసారి డేటా డిస్క్ నుంచి రావాలి, రెండోసారి మెమరీలోనే ఉంటుంది. పక్కన బ్రౌజర్ తెరిచి ఉంటే ఇంకో కథ. అందుకే పలుమార్లు నడిపి మధ్య విలువ తీసుకుంటారు. ఇంత శాతం దాటితేనే తేడాగా లెక్కిస్తామని హద్దు పెట్టుకుంటారు. గడియారం కంటే, ఎన్ని వరుసలు చదివింది, డేటా ఎన్ని పేజీలు తిప్పింది అన్న లెక్కలు నమ్మకమైనవి. అవి మెషీన్ మూడ్‌ను బట్టి అంతగా ఊగవు.

ఏ డేటా మీద కొలుస్తున్నామన్నది మరో ముఖ్య విషయం. టీపీసీ-హెచ్ అనే ప్రసిద్ధ బెంచ్‌మార్క్‌లో 22 క్వెరీలున్నాయి. దాని డేటా యంత్రం పుట్టించింది, విలువలు చాలావరకు సమానంగా పరుచుకుని ఉంటాయి. అన్ని మండలాల్లోనూ ఒకేలా వాన కురిసే ఊహాలోకం అనుకోండి. 2015లో మ్యూనిక్ పరిశోధకుడు విక్టర్ లైస్ బృందం సినిమాల సమాచారంతో నిండిన ఐఎండీబీ నిజమైన డేటా తీసుకుని, 113 క్వెరీలతో ఆప్టిమైజర్లను నిలదీసింది. కలిపే పట్టికలు పెరిగేకొద్దీ అంచనాలు నిజానికి చాలా దూరం పోయాయి, అదీ ఎక్కువగా తక్కువ వైపుకే. ఊహాలోకంలో ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నవి నిజమైన డేటా ముందు తడబడ్డాయి.

రెండు వందల కిలోమీటర్ల దూరంలో

ఈ రంగంలో చెప్పుకోదగ్గ పని మనకు పక్కనే జరిగింది. అనంతపురం నుంచి హైవే పట్టుకుంటే రెండు వందల పైచిలుకు కిలోమీటర్లలో బెంగళూరు, అక్కడ ఐఐఎస్‌సీ. ఆ సంస్థ డేటాబేస్ సిస్టమ్స్ ల్యాబ్ నుంచి నవీన్ రెడ్డి, ప్రొఫెసర్ జయంత్ హరిత్స కలిసి 2005లో ఒక పత్రం సమర్పించారు. ఒకే క్వెరీలో షరతుల అంకెలను కొంచెం కొంచెంగా జరుపుతూ, ప్రతి చోటా ఆప్టిమైజర్ ఏ ప్లాన్ ఎంచుకుందో అడిగి, ఒక్కో ప్లాన్‌కు ఒక్కో రంగు వేశారు. చక్కటి నాలుగైదు గళ్లు వస్తాయనుకుంటాం కదా! డజన్ల రంగులు, వంకర గీతలు, మధ్యలో ద్వీపాల్లాంటి మచ్చలు వచ్చాయి. అచ్చం క్యూబిస్టు చిత్రాల్లా ఉన్నాయని ఆ పరికరానికి పికాసో అని పేరు పెట్టారు. వాణిజ్య డేటాబేస్‌ల పేర్లు బయటపెట్టకుండా ఆప్ట్-ఎ, ఆప్ట్-బి అని రాశారు. ఎందుకో ఊహించుకోవచ్చు.

అన్ని రంగులూ అవసరమా అన్న ప్రశ్నకు 2007లో అదే ల్యాబ్ జవాబిచ్చింది. ఖర్చు 20 శాతం దాకా పెరిగినా ఫర్వాలేదనుకుంటే, పటం మొత్తాన్ని పదో, అంతకంటే తక్కువో ప్లాన్లతో నింపొచ్చని తేల్చింది. ఇలాంటి పటాన్ని పాత వెర్షన్‌కూ కొత్త వెర్షన్‌కూ గీసి పక్కపక్కన పెట్టుకుంటే, ఎక్కడ ఏది మారిందో ఒక్క చూపులో తెలుస్తుంది. అదే ల్యాబ్ నుంచి 2012లో వచ్చిన కాడ్ అనే పరికరం ఇంకో మెట్టు ఎక్కింది. డేటా లేకుండానే, ఉన్నట్టు గణాంకాలను మాత్రం చూపించి ‘ఇంత పెద్ద డేటా ఉంటే నువ్వేం ప్లాన్ వేస్తావు?’ అని ఆప్టిమైజర్‌ను అడగొచ్చు. హరిత్సకు 2009లో భట్నాగర్ పురస్కారం, 2014లో ఇన్ఫోసిస్ ప్రైజ్ వచ్చాయి. గేట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుంటే ఆ క్యాంపస్ తలుపు తట్టొచ్చు. జేఎన్‌టీయూ అనంతపురంలో చదువుతూ ‘పెద్ద పనులన్నీ అమెరికాలోనే’ అనుకునేవాళ్లు ఈ దూరాన్ని ఒకసారి మ్యాప్‌లో చూసుకోవాలి.

పాత ల్యాప్‌టాప్ చాలు

మొదలుపెట్టడానికి కోర్సు ఫీజు అక్కర్లేదు. లినక్స్ వేసిన పాత ల్యాప్‌టాప్, పోస్ట్‌గ్రెస్ సోర్స్ కోడ్ ఉంటే చాలు. మొదట దాన్ని మీరే కంపైల్ చేసి ‘మేక్ చెక్’ నడపండి. మొదటిసారి ఏదో ఒక లైబ్రరీ లేదని గొడవ చేస్తుంది. ఆ గొడవ తీర్చుకోవడమే మొదటి పాఠం.

తర్వాత పైన చెప్పిన పంటల పట్టికను నిజంగా తయారు చేయండి. ‘జనరేట్ సిరీస్’తో పది లక్షల వరుసలు పుట్టించడం నిమిషాల పని. అయితే సమానంగా పంచొద్దు. అనంతపురం వరుసల్లో శనక్కాయ ఎక్కువగా పడేలా చూడండి. క్వెరీ ముందు ‘ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్’ పెట్టి నడిపితే, అంచనా వేసిన వరుసలు, నిజంగా వచ్చిన వరుసలు పక్కపక్కనే కనబడతాయి. ఆ రెండింటి మధ్య నిష్పత్తిని చూడటం అలవాటు చేసుకోండి. ఈ పనిలో సగం అదే. ఆ తర్వాత ‘క్రియేట్ స్టాటిస్టిక్స్’ ఆదేశంతో, జిల్లాకూ పంటకూ సంబంధం ఉందని డేటాబేస్‌కు చెప్పి, గణాంకాలు మళ్లీ తీయించి చూడండి. అంచనా దగ్గరికి రావడం చూస్తే భలే ఉంటుంది. జిల్లా విభజన ప్రయోగం చేసేటప్పుడు మాత్రం ఆ పట్టికకు ఆటోవ్యాక్యూమ్ ఆపేయండి. లేకపోతే మీరు టీ తాగి వచ్చేలోపు అది గణాంకాలు తాజా చేసేసి, చూడాల్సిన తప్పును చూడనివ్వదు.

పోస్ట్‌గ్రెస్ రెండు వేర్వేరు వెర్షన్లను ఒకే ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని, ఐఎండీబీ క్వెరీలు 113 రెండింటి మీదా నడిపి, ప్లాన్ మారినవాటి జాబితా తీసే చిన్న పైథాన్ స్క్రిప్టు రాయగలిగితే, అది ఫైనలియర్ ప్రాజెక్టు. కాపీ కొట్టిన ‘స్టూడెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్’ కంటే ఎన్నో రెట్లు నయం. రెజ్యూమేలో ఒక లైను రాస్తే ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడొచ్చు.

ఇక ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. ‘ఆప్టిమైజర్ టెస్టర్ కావలెను’ అని క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు దాదాపు ఉండవు. డేటాబేస్ ఇంజిన్ తయారుచేసే కంపెనీలు కొన్నే. మన వైపు వాటి కేంద్రాలు హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్నాయి. మైక్రోసాఫ్ట్, ఒరాకిల్, శాప్‌లతోపాటు యుగబైట్ లాంటి కొత్త కంపెనీలూ ఉన్నాయి. సీట్లు తక్కువ, సీ, సీ++ గట్టిగా రావాలి. అయినా ఈ విద్య అక్కడితో ఆగిపోదు. బ్యాంకులు, ప్రభుత్వ శాఖలు, పెద్ద వెబ్‌సైట్లు ఒక డేటాబేస్ నుంచి మరోదానికి, పాత వెర్షన్ నుంచి కొత్తదానికి మారుతూనే ఉంటాయి. మారే ముందు వేల క్వెరీలను రెండు చోట్లా నడిపి పోల్చాలి. పెర్ఫార్మెన్స్ ఇంజినీర్, డేటా ఇంజినీర్, డీబీఏ, ఎస్‌డెట్.. పేరు ఏదైనా, అక్కడ చేయాల్సింది ఈ పనే. ఎగ్జిక్యూషన్ ప్లాన్ చదవగలిగే ఫ్రెషర్ అరుదు. చదవగలనని రాసుకున్నవాళ్లు బోలెడు మంది ఉన్నా సరే.

ఇంకో దారి ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో ఎవరైనా ప్యాచ్ పంపితే, దాన్ని ఇంకెవరైనా నడిపి చూసి చెప్పాలి. ఈ సమీక్షలకు ఎప్పుడూ మనుషులు చాలరు. ప్యాచ్ వేసి, పరీక్షలు నడిపి, ‘ఈ క్వెరీకి ప్లాన్ మారింది, ఇదిగో పట్టిక, ఇదిగో డేటా, ఇదిగో ముందూ వెనకా ప్లాన్లు’ అని చూపించే పనికి డిగ్రీ ఏ కాలేజీదని ఎవరూ అడగరు. బగ్ నివేదిక రాసేటప్పుడు మాత్రం ఒక నియమం పాటించండి. అవతలివాళ్లు మీరు పంపినదాన్ని కాపీ చేసి అతికిస్తే చాలు, అదే తప్పు వాళ్ల మెషీన్‌లోనూ రావాలి. పది లక్షల వరుసలతో వచ్చే తప్పును వంద వరుసలతోనే రప్పించగలిగితే ఇంకా మంచిది. అలా కుదించడానికి రెండు సాయంత్రాలు పడుతుంది. బగ్ ఎక్కడుందో ఆ రెండు సాయంత్రాల్లోనే సగం తెలిసిపోతుంది.

ఇంటర్వ్యూకు వెళ్లేముందు ఒక ప్రశ్న మీలో మీరే తేల్చుకుని వెళ్లండి. కొత్త వెర్షన్‌లో ఒక క్వెరీ ప్లాన్ పూర్తిగా మారిపోయింది, జవాబు సరిగ్గానే ఉంది, పట్టిన సమయమూ దాదాపు అంతే. ఈ పరీక్షను పాస్ అంటారా, ఫెయిల్ అంటారా? ఏదన్నా ఫర్వాలేదు. ‘ఎందుకు?’ అన్నదే వాళ్ల తర్వాతి ప్రశ్న. డేటా పదింతలైతే ఆ కొత్త ప్లాన్ ఏమవుతుందో మీరు ముందే నడిపి చూసి ఉంటే, దానికి జవాబు మీ దగ్గర ఉంటుంది.